గ్యాస్ పైపుకి ఎర్త్ బాండింగ్: ఎవరింటికి కావాలి, ఎట్టా చెయ్యాలి

వంటింట్లో గ్యాస్ పైపుకి ఎర్త్ వైరు వెయ్యాలా వద్దా అని అడిగితే మన నెల్లూరు, ఒంగోలు వైపు రెండు రకాల సమాధానాలు వస్తాయి. ఒకళ్ళు "గ్యాస్ పైపుకి కరెంటు వైరా, పేలిపోద్ది, దాని జోలికే పోవద్దు" అంటారు. ఇంకొకళ్ళేమో వాషింగ్ మెషిన్ షాక్ కొడతా ఉంటే దాని బాడీ నుంచి ఒక వైరు లాగి అదే గ్యాస్ పైపుకి చుట్టేసి "ఎర్తింగ్ ఇచ్చేశాం పో" అంటారు. రెండూ తప్పే, కానీ రెండోది ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

పైపుని ఎర్త్‌కి కలపొచ్చు, పైపునే ఎర్త్‌గా వాడకూడదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే కింద చెప్పేదంతా ఈజీగా అర్థమవుద్ది.

అసలు ఎందుకు కలపాలి

మామూలు ఇండిపెండెంట్ ఇళ్ళకి కరెంటోళ్ళు ఇచ్చేది ఫేజు, న్యూట్రల్ రెండే. ఎర్త్ మనదే, ఇంటి పక్కన గుంట తీసి జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపో ప్లేటో దించి, బొగ్గు ఉప్పు పోసి మనం చేసుకున్న పిట్టే మన ఎర్త్. ఇప్పుడు బాత్రూమ్‌లో గీజర్ లోపల ఎలిమెంట్ పాడైపోయి ఫేజు బాడీకి తగిలిందనుకోండి. మీ పిట్ రెసిస్టెన్స్ 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ 5 ఓములు అనుకుంటే మొత్తం 25 ఓములు, 230 వోల్టులకి పారేది 9.2 ఆంపియర్లు. దానికి 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే బోర్డు స్విచ్) చచ్చినా పడదు, ఎందుకంటే దానికి అది మామూలు లోడే. ఈ లోపల మీ పిట్ మీద 9.2 ఇంటూ 20, అంటే 184 వోల్టులు నిలబడతాయి, ఆ 184 ఎర్త్ వైరు ద్వారా గీజర్ ఒక్కదానికే కాదు, ఫ్రిజ్ బాడీకి, మిక్సీ ప్లగ్గు ఎర్త్ పిన్నుకి, చిమ్నీకి, ఇంట్లో ఎర్త్ ఉన్న ప్రతి ఇనుప సామానుకీ వచ్చేస్తాయి.

అదే టైములో గ్యాస్ పైపు ఎక్కడో నేలని తాకి ఉంటే దాని మీద సున్నా. అమ్మ ఒక చేత్తో చిమ్నీ స్టీలు హుడ్డు తుడుస్తా ఇంకో చెయ్యి గోడ మీదున్న గ్యాస్ పైపుకి ఆనించిందంటే ఆ 184 వోల్టులూ ఈ చేతి నుంచి ఆ చేతికి గుండె మీదుగా పోతాయి. పైపుని ముందే ఎర్త్ బార్‌కి (మెయిన్ బోర్డులో ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీకి) కలిపి ఉంటే అన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, రెండిటి మధ్య తేడా దాదాపు ఉండదు, కరెంటు మనిషిలోంచి పోవాల్సిన పని ఉండదు. బాండింగ్ అంటే ఇంతే. ఒక చేత్తో తాకేదీ ఇంకో చేత్తో తాకేదీ ఒకే వోల్టేజీ మీద ఉంచడం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి చిమ్నీ ముట్టుకుంటే బాండింగ్ కాపాడదు, అక్కడ కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కాస్త కరెంటు లీకైనా వెంటనే సప్లై ఆపేసే స్విచ్. అందుకే వరస ముఖ్యం, ముందు మంచి ఎర్త్, తర్వాత ఆర్‌సీసీబీ, ఆ తర్వాతే పైపు బాండింగ్. మొదటి రెండూ లేకుండా మూడోది చేస్తే మీ ఇంటి ఫాల్టుని తీసుకెళ్ళి గ్యాస్ పైపు మీద పెట్టినట్టే.

స్టెప్ 1: మీ ఇంట్లో ఉన్నది ఏ రకం

వంటగట్టు కింద సిలిండర్, రెగ్యులేటర్, రబ్బరు ట్యూబు, స్టవ్. మన వైపు ఎక్కువ ఇళ్ళు ఇంతే. వీటికి బాండింగ్ అవసరం లేదు, సిలిండర్‌కి గానీ రెగ్యులేటర్‌కి గానీ ఏ క్లాంపూ వెయ్యొద్దు, ఎవరైనా వేస్తామన్నా వద్దనండి. స్టవ్‌కి కరెంటు ఇగ్నిషన్ ఉంటే దాని మూడు పిన్నుల ప్లగ్గు ద్వారానే ఎర్త్ వస్తది, ఆ సాకెట్‌లో ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటే చాలు.

రెండో రకం సిలిండర్ బయట సందులో పెట్టి గోడలోంచి రాగి పైపో జీఐ పైపో లోపలికి లాగినోళ్ళు, ఈ మధ్య కొత్త ఇళ్ళల్లో ఇది బాగా ఎక్కువైంది. మూడోది పైపు గ్యాస్ వచ్చిన కాలనీలు. ఇక్కడ రోడ్డు కింద నుంచి వచ్చేది ప్లాస్టిక్ పైపు, ఇంటి గోడ దగ్గర అది జీఐ పైపుగా మారి, రెగ్యులేటర్, మీటరు దాటి వంటింట్లోకి వస్తది. ఈ రెండు రకాలకీ "కావాలి" అని గుడ్డిగా చెప్పలేం, "వద్దు" అనీ చెప్పలేం. టెస్ట్ చేస్తేనే తెలుస్తది, అది స్టెప్ 4లో.

ఇంగ్లండు వీడియోలు చూసి చాలామంది కంగారు పడతా ఉంటారు. అక్కడి బీఎస్ 7671 అనే వైరింగ్ రూల్ ప్రకారం ఇంట్లోకి వచ్చే లోహపు గ్యాస్ పైపుని మెయిన్ ఎర్త్‌కి కలపాల్సిందే, మామూలు ఇంటికి 10 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు, మీటరు దాటాక వీలైనంతవరకు 600 మిల్లీమీటర్ల లోపల, ఏ బ్రాంచీ తీయకముందే క్లాంపు. అక్కడ చాలా ఇళ్ళల్లో కంపెనీ న్యూట్రల్‌నే ఎర్త్‌గా కూడా ఇస్తది, ఆ న్యూట్రల్ బయట తెగితే పెద్ద కరెంటు ఈ బాండింగ్ వైరులోంచి పోవచ్చు, అందుకే అంత లావు వైరు. మనది సొంత పిట్ పద్ధతి కాబట్టి లెక్క కొంచెం వేరు, కానీ సూత్రం అదే. మన ఇండియన్ స్టాండర్డులు ఐఎస్ 3043, ఐఎస్ 732 కూడా ఇంట్లోకొచ్చే లోహపు పైపుల్ని మెయిన్ ఎర్త్‌కి కలపమనే చెప్తాయి.

స్టెప్ 2: ముందు మీ ఎర్త్ బతికుందో లేదో చూడండి

టెస్టర్ పెట్టి లైటు వెలగలేదు కాబట్టి ఎర్త్ బాగుంది అనేది ఎర్త్ టెస్టే కాదు. మల్టీమీటర్‌తో ఫేజు-ఎర్త్ మధ్య 230 చూపించినా పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు చాలా తక్కువ, తుప్పు పట్టి దారం లాగా మిగిలిన జీఐ వైరు కూడా ఆ కాస్త కరెంటుకి 230 చూపించేస్తది. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు ఉంటే మామూలే, 15, 20 దాటి చూపిస్తా ఉంటే ఎక్కడో తేడా ఉందని అర్థం, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

పాతకాలం పద్ధతి ఒకటుంది, 100 వాట్ల బల్బు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి బాగా వెలుగుతుందా లేదా చూడటం. దయచేసి ఇంట్లో అది చెయ్యకండి. ఎర్త్ వైరు పిట్ దగ్గర తెగిపోయి ఉంటే ఆ బల్బు ద్వారా ఫేజు వచ్చి ఇంట్లో ఎర్త్ ఉన్న అన్ని సామాన్ల మీదా కూర్చుంటది, ఆ టైములో పిల్లోడు ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే అంతే సంగతులు. ఎర్త్ టెస్టర్ మెషిన్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పిట్ రెసిస్టెన్స్ ఓముల్లో కొలిపించి, ఆ నంబరు మెయిన్ బోర్డు మూత లోపల మార్కర్‌తో రాయించుకోండి, తేదీతో సహా.

ఆ నంబరు మన వైపు ఊరిని బట్టి బాగా మారుద్ది. ఇందుకూరుపేట, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పు నేల, తేమ ఉంటది కాబట్టి రెసిస్టెన్స్ తక్కువ వస్తది, కానీ అదే ఉప్పు జీఐ పైపుని తొందరగా తినేస్తది. చీమకుర్తి, కనిగిరి, పొదిలి లాంటి చోట్ల కథ తిరగబడుద్ది, కాస్త తవ్వితే రాయి తగులుద్ది, ఎండాకాలం నేల ఎండిపోయి వానాకాలంలో బాగున్న పిట్ మే నెలకి పనికిరాకుండా పోవచ్చు. అట్టాంటి చోట ఒక్క గుంట సరిపోదు, రెండు మూడు పిట్లు వేసి అన్నిటినీ ఒకదానికొకటి కలపాలి, పిట్టుకీ పిట్టుకీ మధ్య కనీసం పైపు పొడవంత దూరం ఉంచాలి. ఎర్త్ పైపు పొడవు కనీసం 2.5 మీటర్లు ఉండాలి, నాలుగు అడుగుల ముక్క పాతి పైన సిమెంటు పూసేసి డబ్బులు తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టి దించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

స్టెప్ 3: ఆర్‌సీసీబీ లేకపోతే ఇక్కడే ఆగండి

పిట్ ఎంత బాగా వేసినా, 5 ఓములు తెచ్చినా సరే, 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి-టైపు ఎమ్‌సీబీ వెంటనే పడాలంటే దాని రేటింగుకి 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. అంటే ఎంతో మంచి పిట్ కూడా ఎమ్‌సీబీని వెంటనే పడెయ్యలేదు, అది వేడెక్కి మెల్లగా పడేలోపు మనిషి పోతాడు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే పిట్ 100 ఓములున్నా ఫాల్టు వచ్చిన వెంటనే, సెకను గడవకముందే పడిపోద్ది. దీని మీద పెట్టే ఖర్చు దగ్గర ఆలోచించొద్దు, ఇల్లు కట్టేటప్పుడు టైల్స్‌కి పెట్టే డబ్బులో ఇది ఎంతని.

పెట్టించాక నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే మార్చెయ్యాలి. చాలా ఇళ్ళల్లో ఏం జరుగుతుందంటే ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడతా ఉందని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే దాన్ని బైపాస్ చేసి డైరెక్ట్ ఇచ్చి పోతాడు, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. అది పడతా ఉందంటే ఎక్కడో లీకేజీ ఉందని చెప్తా ఉంది, లీకేజీ వెతకాలి గానీ చెప్పేదాని నోరు మూయకూడదు.

స్టెప్ 4: పైపుని టెస్ట్ చెయ్యడం

గ్యాస్ వాసన వస్తా ఉంటే ఏ టెస్టూ లేదు. స్విచ్‌లు వెయ్యొద్దు, ఆపొద్దు, కిటికీలు తలుపులు తెరిచి, రెగ్యులేటరో వాల్వో కట్టేసి బయటికి వచ్చి ఫోన్ చెయ్యండి. సిలిండర్ గ్యాస్ లీకుకి 1906 నంబరు ఉంది. పైపు గ్యాస్ అయితే బిల్లు మీదున్న ఎమర్జెన్సీ నంబరు.

వాసన లేదు, అంతా మామూలుగా ఉంది అనుకుంటే మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు మెయిన్ బోర్డు ఎర్త్ బార్ నుంచి లాగిన వైరుకి, ఇంకో ముల్లు గ్యాస్ పైపు మీద రంగు లేని చోట, ఏదైనా నట్టు మీద పెట్టి చూడండి. ఒకటి రెండు వోల్టులు పర్లేదు. పదులు, వందలు చూపిస్తే చేతులు తీసెయ్యండి, అది వెనక కరెంటు బలం లేకుండా మీటరు చూపించే ఉత్త వోల్టేజీ కూడా కావచ్చు గానీ నిజమైన ఫాల్టు కూడా కావచ్చు, ఎవరైనా పక్కింట్లో ఆ పైపుకే వాషింగ్ మెషిన్ ఎర్త్ చుట్టి ఉండొచ్చు. కారణం తెలియకుండా బాండింగ్ చెయ్యకూడదు.

తర్వాతది అసలైన టెస్ట్, ఇది ఎలక్ట్రీషియన్ పని. మెయిన్ ఆపేసి, పైపుకీ ఎర్త్ బార్‌కీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (పెద్ద రెసిస్టెన్స్‌లు కొలిచే మెషిన్‌తో) రెసిస్టెన్స్ కొలవాలి. లెక్క ఇట్టా వస్తది: చేతిలోంచి 10 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తది, 230 వోల్టుల్ని 10 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 23,000 ఓములు, అందులో మనిషి ఒంటి రెసిస్టెన్స్ 1,000 తీసేస్తే 22,000. పైపు రీడింగు 22 కిలో ఓముల కన్నా ఎక్కువ వస్తే ఆ పైపు నేలని తాకట్లేదు, విడిగా గాల్లో ఉన్నట్టే, దానికి బాండింగ్ అవసరం లేదు. తక్కువ వస్తే ఎక్కడో నేలకో స్లాబ్ ఇనుముకో తగులుతా ఉంది, కలపాల్సిందే. పైపు చివర కరెంటు ఇగ్నిషన్ ఉన్న హాబ్ లోహపు పైపుతోనే బిగించి ఉంటే దాని ప్లగ్గు తీసేసి టెస్ట్ చెయ్యాలి, లేకపోతే ప్లగ్గు ఎర్త్ ద్వారా తప్పుడు రీడింగు వస్తది. వీలైతే వానాకాలంలో కూడా ఒకసారి కొలిపించండి, ఎండిన గోడ చూపించే నంబరు తడిసిన గోడ చూపించదు.

ప్లాస్టిక్ పైపే కదా రోడ్డు నుంచి వచ్చేది, మాకెందుకు అనుకునేవాళ్ళు గోడ మొదట్లో ఒకసారి వంగి చూడండి. జీఐ పైపు అడుగు భాగం మట్టిలోకి దిగి ఉందా, కాంపౌండ్ గేటు ఇనుముకి ఆనుకుని ఉందా, స్లాబ్‌లోంచి పోయే చోట స్లీవు వేశారా లేదా చువ్వలకి రాసుకుంటా పోతా ఉందా. ఇవే రీడింగుని కిందికి లాగేవి.

స్టెప్ 5: చెయ్యడం

పైపు గ్యాస్ అయితే ముందు గ్యాస్ కంపెనీకి చెప్పండి, మీటరు దాకా ఉన్న పైపు వాళ్ళది, దాని మీద మనం చెయ్యి వెయ్యకూడదు. క్లాంపు మీటరు దాటాక మన వైపు గట్టి పైపు మీదే, మీటరుకి దగ్గర్లో, మొదటి బ్రాంచీకి ముందు. మీటరు బాడీ మీద వద్దు, రెగ్యులేటర్ మీద వద్దు, వంగే హోస్ మీద వద్దు, జాయింటు మరల మీద వద్దు.

సామాను: ఆకుపచ్చ-పసుపు రంగు రాగి వైరు కనీసం 6 స్క్వేర్ ఎమ్ఎమ్, మెయిన్ ఎర్త్ వైరు ఇంకా లావుగా ఉంటే దాంట్లో కనీసం సగం సైజు, పైపు సైజుకి సరిపోయే ఎర్త్ క్లాంపు, వైరు చివర బిగించడానికి టిన్ పూత ఉన్న లగ్గు. రంధ్రం చెయ్యడం, వెల్డింగ్, సోల్డరింగ్ గ్యాస్ పైపు మీద ఏవీ కుదరవు.

గ్యాస్ వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, మెయిన్ ఆపేశాక మొదలుపెట్టాలి. క్లాంపు కూర్చునే వెడల్పు మటుకే ఎమరీ పేపర్‌తో పసుపు రంగు పోయేదాకా రుద్దాలి, కింద మెరిసే జింకు కనపడగానే ఆపాలి, జింకు కూడా గీకేస్తే అక్కడే తుప్పు మొదలవుద్ది. తర్వాత క్లాంపు బిగించాలి, రాగి పైపు అయితే నొక్కుకుపోకుండా చూసుకోవాలి. ఈ రంగు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మైపాడు రోడ్డులో ఒక ఇంట్లో చూశాను, పసుపు రంగు మీదే వైరు నాలుగు చుట్లు చుట్టి పైన టేపు వేసి ఉంది, టేపు విప్పితే రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, దాని కింద రంగు మటుకు కొత్త పైపు మీద ఉన్నట్టే ఒక్క గీత లేకుండా ఉంది. వైరు ఉంది, బాండింగ్ లేదు. ఆ ఇంటివాళ్ళు అన్ని రోజులూ అది పనిచేస్తా ఉందనే అనుకున్నారు.

వైరు ముందు పైపు వైపు బిగించి, ఎర్త్ బార్ వైపు చివర్లో బిగించండి, ఎప్పుడైనా చిన్న నిప్పురవ్వ వచ్చినా అది గ్యాస్ పైపు దగ్గర రాకుండా బోర్డు దగ్గర వస్తది. విప్పేటప్పుడు వరస తిరగెయ్యాలి. మధ్యలో జాయింటు లేకుండా ఒకే వైరు ఉండాలి. గ్యాస్ పైపు కోసం వేరే పిట్ తవ్వుదాం అని కొందరు మేస్త్రీలు అంటారు, ఒప్పుకోవద్దు, ఒకే ఇంట్లో కలవని రెండు ఎర్తులు ఉంటే ఫాల్టు టైములో వాటి మధ్యే వోల్టేజీ తేడా వస్తది, మనం వదిలించుకోవాలనుకున్నదే మళ్ళీ తెచ్చుకున్నట్టు.

కరెంటు వైర్లకీ గ్యాస్ పైపుకీ మధ్య ఖాళీ కూడా ఇదే టైములో చూసుకోండి. ఇంగ్లండు గ్యాస్ రూల్‌లో వైర్లకి 25 మిల్లీమీటర్లు, స్విచ్‌లు, సాకెట్లు, కరెంటు మీటరుకి 150 మిల్లీమీటర్లు కనీస దూరం. మన వంటిళ్ళల్లో మిక్సీ సాకెట్ పక్కనే గ్యాస్ వాల్వు కనపడతా ఉంటది, ఆ సాకెట్ పక్కకి జరిపించండి.

స్టెప్ 6: చేశాక

క్లాంపుకి పక్కన పైపు మీద నుంచి ఎర్త్ బార్ దాకా కంటిన్యుటీ, అంటే దారి ఎక్కడా తెగకుండా ఉందా అని, చూడాలి. 6 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి మీటరుకి 3 మిల్లీ ఓములు, పది మీటర్లకి 0.03 ఓములే, మామూలు మల్టీమీటర్ వైర్ల రెసిస్టెన్సే దీనికన్నా ఎక్కువ ఉంటది కాబట్టి ముందు ముళ్ళు రెండూ కలిపి వచ్చిన నంబరు రీడింగులోంచి తీసెయ్యండి. తీసేశాక కూడా అర ఓమో ఒక ఓమో మిగిలితే క్లాంపు మళ్ళీ విప్పి శుభ్రం చెయ్యాలి. తర్వాత గ్యాస్ వదిలి, పని చేసిన చోట దగ్గర్లోని జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తాయేమో చూడండి, అగ్గిపుల్లతో చూసేవాళ్ళని వంటింట్లోంచి బయటికి పంపండి. గీకిన చోటు అంచులకి రంగు వేసి, క్లాంపు మీద కాస్త పెట్రోలియం జెల్లీ రాసి, పక్కన "సేఫ్టీ ఎర్త్, తీయొద్దు" అని చీటీ కట్టండి, లేకపోతే రేపు రంగులేసేవాళ్ళు వచ్చి అడ్డంగా ఉందని పీకేస్తారు.

సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఏడాదికి ఒకసారైనా క్లాంపు చూసుకోవాలి, మిగతా చోట్ల ఎర్త్ పిట్ కొలిచేటప్పుడు దీన్నీ కలిపి చూస్తే సరిపోద్ది.

అపార్ట్‌మెంట్లలో సిలిండర్లు అన్నీ ఒకచోట పెట్టి పైపుతో పైకి ఇచ్చినవాటికి మీ ఫ్లాట్‌లో మీరొక్కళ్ళే ఏదో చేసుకోవద్దు, మెయిన్ పైపు దగ్గరే ఒకసారి కలపడం అసోసియేషన్ పని, ఆ మీటింగులో లిఫ్టు మెయింటెనెన్స్‌తో పాటు ఇది కూడా లేవనెత్తండి.

ఇంకొకటి, మీటరు మార్చడానికో పైపు కోసి పొడిగించడానికో మనిషి వస్తే ఆ పైపుకి బాండింగ్ ఉందని ముందే చెప్పండి. పైపు విడదీసే ముందు రెండు వైపులకీ తాత్కాలికంగా ఒక జంపర్ వైరు తగిలించాలి, ఎందుకంటే ఏదైనా ఫాల్టు కరెంటు ఆ పైపులో పోతా ఉంటే విడదీసిన చోటే నిప్పురవ్వ వస్తది, గ్యాస్ బయటికి వచ్చేది కూడా సరిగ్గా అక్కడే. జంపర్ తేలేదంటే తెచ్చిందాకా ఆగమనండి.